సీనియర్ సెలవు పెడితే డెలివరీలు తప్పేవి: మాకు పనిచేసిన పద్ధతి

మా డిస్పాచ్‌లో (సరుకు పంపే విభాగం) ఏ కస్టమర్ దగ్గర సరుకు ఎలా దింపాలన్నది ఒక్క సీనియర్‌కే తెలుసు. ఆయన లేని రోజు టెన్షనే: గేటు దగ్గర లారీలు ఆగిపోవడం, లారీని ఎక్కువసేపు ఆపినందుకు కట్టే డిటెన్షన్ ఛార్జీలు, సరుకు తిరిగి రావడం. వాట్సాప్ గ్రూపు, పని ఎలా చేయాలో రాసిన లావుపాటి ఎస్‌ఓపీ ఫైలు, ట్రైనింగ్ క్లాసులు, ఏదీ నిలవలేదు.

ముందు, తిరిగొచ్చిన పీఓడీల (సరుకు అందినట్టు కస్టమర్ సంతకం చేసే కాగితాల) మీద రాసిన కారణాలను కస్టమర్ వారీగా విడదీశాం. తర్వాత, డ్రైవర్ ట్రిప్పు ముగించి కాగితాలు అప్పగించేటప్పుడే "అక్కడ ఏం అడ్డొచ్చింది?" అని అడిగి ఒక్క ముక్క రాసుకున్నాం: "వెనక గేటు నుంచే అన్‌లోడింగ్. మధ్యాహ్నం 2 దాటితే తీసుకోరు." దాన్ని కస్టమర్ కోడ్‌కు జోడించాం. లారీకి సరుకు ఎక్కించేటప్పుడు ఇచ్చే లోడింగ్ స్లిప్ మీద దానంతటదే అచ్చవుతుంది. అసలు కిటుకు ఇదే, ఎవరూ వెతుక్కోనక్కర్లేదు. ప్రతి నోటు పక్కన తేదీ, చెప్పినవారి పేరు ఉంటాయి. పాతబడ్డవాటిని డ్రైవర్ల చేతే కొట్టేయిస్తాం. (పేరు కనబడేసరికి వాళ్లే వచ్చి చెప్పడం మొదలుపెట్టారు!)

రిటర్నులు బాగా తగ్గాయి. అదే సమయంలో లోడ్లు కూడా తగ్గాయి కాబట్టి ఘనతంతా దీనిదే అనలేను. మళ్లీ మళ్లీ వెళ్లే కస్టమర్లుంటే కుదురుతుంది. రోజూ కొత్త అడ్రసులకు వెళ్లే ఇంటి డెలివరీలకైతే అనుమానమే.