రీఫ్ ట్యాంకుకు లైటు ఎంత, మొదటి కోరల్స్ ఏవి?

రీఫ్ ట్యాంకు అంటే ఉప్పునీటిలో కోరల్స్ (పగడపు జీవులు) పెంచే అక్వేరియం. దానికి లైటు కొనేముందు ఏ కోరల్స్ పెట్టాలో తేల్చుకోండి. చాలామంది ముందు ఎక్కువ వాట్ల లైటు తెచ్చి, తర్వాత దాని కింద కోరల్స్‌ని మాడ్చుకుంటారు. ఇక్కడి లెక్కలన్నీ రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ట్యాంకుకు. రాళ్లు, ఇసుక పోను అందులో సుమారు 100 లీటర్ల నీళ్లు పడతాయి.

మన దేశంలో ఉన్నవారికి సగం ఎంపిక చట్టమే చేసేసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రాతి కోరల్స్ (గట్టి సున్నపు పంజరం ఉన్నవి) అన్నిటినీ రక్షిత జాబితాలో ఉంచింది. కాబట్టి ఆక్రోపోరా, హ్యామర్, టార్చ్ లాంటి రాతి కోరల్స్ ఎవరైనా అమ్మజూపినా వద్దనండి. విసనకర్రలా పరుచుకునే సీ ఫ్యాన్లూ అంతే. మిగిలేవి మెత్తటి కోరల్స్, మష్రూమ్‌లు (పుట్టగొడుగులా పరుచుకునేవి), జోయాంథిడ్‌లు (చిన్న పువ్వుల్లా గుంపుగా పెరిగేవి). కొత్తవారికి చేతికి అందేవీ అవే, కాబట్టి పోయిందేమీ లేదు. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్నవారు కూడా మొదటి ఆరు నెలలు వీటితోనే నడిపితే మంచిది.

కోరల్ ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన ఆల్గే కాపురముంటుంది. అది వెలుతురుతో వండిన తిండిలోంచే కోరల్‌కి వాటా అందుతుంది. ఆ వెలుతురుకు కొలత వాట్లు కాదు, పార్ (PAR), అంటే ఆల్గే వాడుకోగల వెలుతురు ఎంత పడుతోందన్న లెక్క. మష్రూమ్‌లకు 30 నుంచి 70 పార్ చాలు. జోయాంథిడ్‌లకు 60–120, టోడ్‌స్టూల్ లెదర్ అనే మెత్తటి కోరల్‌కు 80–150 సరిపోతుంది. ట్యాంకులో ఒకే పార్ ఉండదు. లైటు సరిగ్గా కింద, పైరాతి మీద 150 ఉంటే ఇసుక మూలల్లో 40 ఉండొచ్చు. కోరల్‌ని ఎక్కడ కూర్చోబెట్టాలో ఆ తేడాయే చెబుతుంది. ఫోన్‌లోని లక్స్ యాప్‌ని నమ్మకండి. లక్స్ మనిషి కంటికి తగ్గ కొలత, నీలికాంతిని బాగా తక్కువగా లెక్కేస్తుంది. నీటిలో ముంచి కొలిచే పార్ మీటరు ఖరీదైనదే. కానీ ఎవరి దగ్గరైనా గంటసేపు అరువు తెచ్చుకుని ఐదారు చోట్ల కొలిచి రాసిపెట్టుకుంటే చాలు.

లైటులో చూడాల్సింది రెండు విషయాలు: 400–480 నానోమీటర్ల నీలి ఎల్ఈడీలు ఎక్కువగా ఉండాలి, నీలానికీ తెలుపుకూ వేర్వేరు డిమ్మర్లు ఉండాలి. ఈ ట్యాంకుకు 50–60 వాట్ల మంచి రీఫ్ ఎల్ఈడీ ఒకటి చాలు. మొక్కల ట్యాంకు లైటు వద్దు. రెండు నాబ్‌లుండే 165 వాట్ల చవక బ్లాక్ బాక్స్ లైటు కూడా పనికొస్తుంది, కానీ పూర్తిగా తిప్పితే ఇంత చిన్న ట్యాంకుకు మరీ ఎక్కువ. దాన్ని నీటికి అడుగు ఎత్తున వేలాడదీసి, నీలం 25–30 శాతం, తెలుపు 5 శాతంతో మొదలుపెట్టండి. రోజుకు 8–9 గంటలు, అదీ టైమరు మీదే. ఆ తర్వాత వారానికి 5 శాతానికి మించి పెంచకండి, కావలసిన పార్ రాగానే ఆపేయండి. లైటు చాలకపోతే కోరల్ నెలల తరబడి నీరసిస్తుంది, తేరుకోవడానికి వ్యవధి ఉంటుంది. ఎక్కువైతే రెండు మూడు రోజుల్లోనే తెల్లబడిపోవచ్చు.

కొత్త ట్యాంకులో అమ్మోనియా, నైట్రైట్ అనే విషాలు సున్నాకి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా కోరల్ తేవద్దు. ఉప్పు 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35), వేడి 25–26 డిగ్రీలు, ఆల్కలినిటీ (నీటి క్షారశక్తి) 8–9 డీకేహెచ్ ఉండాలి. నైట్రేట్ సున్నా చూపిస్తే సంబరపడకండి. మెత్తటి కోరల్స్‌కి 5–15 పీపీఎం నైట్రేట్, 0.03–0.1 పీపీఎం ఫాస్ఫేట్ కావాలి, లేకపోతే కుంచించుకుపోతాయి. ఇంట్లో తాగే ఆర్ఓ నీళ్లు పనికిరావు. రుచి కోసం వాటిలో కొంత వడకట్టని నీటినో, ఖనిజాలనో కలిపి ఉంచుతారు. మిగిలిన ఖనిజాలనూ లాగేసే డీఐ రెజిన్ దాటి, టీడీఎస్ (కరిగిన పదార్థాల కొలత) సున్నా చూపించే నీళ్లే వాడాలి.

మొదట డిస్కోసోమా మష్రూమ్. దీనికి జిగురు పట్టదు. చిన్న గిన్నెలో రాతిముక్కలు వేసి, పైన వల కట్టి, నీటి తోపుడు లేని చోట రెండు వారాలు వదిలేస్తే తానే అతుక్కుంటుంది. జోయాంథిడ్‌లను, టోడ్‌స్టూల్‌ను అవి కూర్చున్న ప్లగ్గుతో (చిన్న దిమ్మెతో) సహా సూపర్ గ్లూ జెల్‌తో రాతికి అంటించవచ్చు. టోడ్‌స్టూల్ అప్పుడప్పుడు ముడుచుకుని, మైనం లాంటి పొర వదులుతుంది. చచ్చిందనుకుని పారేయకండి. నీటి తోపుడు కాస్త పెంచితే వారం పది రోజుల్లో పొర రాలి మళ్లీ విచ్చుకుంటుంది. గ్రీన్ స్టార్ పాలిప్స్, జీనియా అనే మెత్తటి కోరల్స్ సులభంగా బతుకుతాయి, అదే వాటితో చిక్కు. పాకిన రాయినల్లా ఆక్రమిస్తాయి. వాటిని ఇసుక మధ్య విడిరాయి మీదే ఉంచండి. టోడ్‌స్టూల్ లాంటి లెదర్‌లు నీటిలోకి వదిలే రసాయనాలు పక్కవాటిని అణగదొక్కుతాయి కాబట్టి వాటిని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ వాడుతూ నెలకోసారి మార్చండి.

జోయాంథిడ్‌ల విషయంలో ఒక్క సంగతి మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. కొన్నిటిలో, ముఖ్యంగా పాలిథోవాల్లో, పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. గ్లోవ్స్, కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా కోయకండి. అవి ఉన్న రాయిని బ్రష్‌తో రుద్దడం, శుభ్రం చేద్దామని వేడినీళ్లు పోయడం, ఉడకబెట్టడం అస్సలు వద్దు. ఆవిరితో విషం గాలిలో కలిసి ఇంటిల్లిపాదినీ ఆసుపత్రి పాలు చేయగలదు.

జోయాంథిడ్‌ల కాడలు పైకి సాగుతుంటే వెలుతురు చాలడం లేదని అర్థం. మష్రూమ్ అంచులు ముడుచుకుని చిన్నదైపోతే, రంగు వెలిసిపోతే వెలుతురు ఎక్కువైంది. అప్పుడు లైటు తగ్గించే బదులు ముందు ఆ ఒక్కదాన్ని కిందికో, నీడకో దించి చూడండి. రోజుకోసారి చోటు మార్చడం మాత్రం వద్దు, ఒకచోట పెట్టాక రెండు వారాలు ఆగండి.

ఇక ఎండాకాలం. మే నెలలో హైదరాబాద్ గదిలో నీళ్లు 32 డిగ్రీలు దాటితే, మామూలు లైటు కిందే కోరల్స్ తెల్లబడతాయి. నీటి మీదికి ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో అంత తగ్గదు, అక్కడ నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రమో ఏసీయో తప్పదు. ఆవిరైన మేరకు మంచినీళ్లే, అంటే డీఐ నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. కరెంటు పోతే లైటు గురించి కంగారు పడక్కర్లేదు, ఒకటి రెండు రోజుల చీకటిని కోరల్స్ తట్టుకుంటాయి. నీరు కదలక ఆక్సిజన్ పడిపోతే మాత్రం గంటల్లోనే ప్రాణం మీదికొస్తుంది. ఇన్వర్టరుకు నీటిని కదిలించే పంపు అయిన వేవ్‌మేకరునే కలపండి.