హోస్ట్‌లోనూ గెస్ట్‌లోనూ ఒకే సర్వీస్ నడపాలంటే ఎలా?

హోస్ట్‌లో (అసలు మెషీన్‌లో) ఎస్‌ఎస్‌హెచ్, అంటే దూరం నుంచి లాగిన్ అయ్యే సర్వీస్, నడుస్తోంది. గెస్ట్‌కి (హోస్ట్ లోపల విడిగా నడిచే సిస్టమ్‌కి) వేరే ఐపీ అడ్రస్ ఇచ్చి అందులోనూ స్టార్ట్ చేస్తే 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అని ఎర్రర్. చాలామంది గెస్ట్ సెట్టింగ్స్‌లో వెతుకుతారు. సరిచేయాల్సింది హోస్ట్‌ని.

ఈ తంటా అన్నిటికీ ఉండదు. కేవీఎం, వర్చువల్‌బాక్స్ లాంటివాటిలో గెస్ట్‌కి సొంత కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఉంటుంది కాబట్టి పోర్టులు (సర్వీసులు వినే నంబర్లు) ఢీకొనవు. ఒకే లైనక్స్‌ని గెస్ట్‌లుగా విడదీసే లైనక్స్-వీసర్వర్‌లోనూ, హోస్ట్ నెట్‌వర్క్‌నే వాడుకునే కంటైనర్లలోనూ కెర్నల్ ఒకటే, నెట్‌వర్క్ కూడా ఒకటే. హోస్ట్ సర్వీస్ 0.0.0.0 (అంటే ఉన్న అడ్రస్‌లన్నీ) మీద కూర్చుందంటే గెస్ట్ అడ్రస్‌తో సహా అన్నిటినీ ఆక్రమించినట్టే.

1. ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూడండి. హోస్ట్‌లో రూట్‌గా 'ఎస్‌ఎస్' కమాండ్‌ని మైనస్ టీ, ఎల్, ఎన్, పీ ఆప్షన్లతో నడపండి. లోకల్ అడ్రస్ దగ్గర 0.0.0.0:22, *:80, [::]:22 లాంటివి కనిపిస్తే అవే మన పని. యూడీపీ సర్వీసులకు టీ బదులు యూ పెట్టాలి.

2. ముందు ఎస్‌ఎస్‌హెచ్ సంగతి తేల్చండి. హోస్ట్ 192.0.2.10, గెస్ట్ 192.0.2.11 అనుకుందాం. హోస్ట్‌లోని ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ ఫైల్‌లో లిజన్‌అడ్రస్ అనే లైన్‌కి 192.0.2.10 ఇవ్వండి. ఎస్‌ఎస్‌హెచ్‌డీ కమాండ్‌ని మైనస్ టీతో నడిపి ఫైల్‌ని చెక్ చేసుకుని అప్పుడు రీస్టార్ట్ చేయండి. ఉన్న లాగిన్ మాత్రం మూసేయొద్దు. ఇంకో విండోలో కొత్తగా లాగిన్ అయ్యాకే దాన్ని వదలండి. కొన్ని సిస్టమ్‌లలో పోర్ట్‌ని సిస్టమ్‌డీ (సర్వీసుల్ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) సాకెట్ పట్టుకుని ఉంటుంది, అప్పుడు అడ్రస్ ఆ సాకెట్ ఫైల్‌లో మార్చాలి.

దీన్ని మొదట చేయమనడానికి కారణం ఉంది. ఇది సరిచేయకపోతే 192.0.2.11కి లాగిన్ అయినా తలుపు తీసేది హోస్టే. గెస్ట్‌లో ఉన్నాననుకుని హోస్ట్‌లో ఫైళ్లు చెరిపేసే ప్రమాదం అక్కడే ఉంది. లాగిన్ అవగానే హోస్ట్‌నేమ్ చూడటం మంచి అలవాటు.

3. మిగతావీ అంతే. వెబ్ సర్వర్ అపాచీలో లిజన్ లైన్‌కి పోర్ట్‌తోపాటు అడ్రస్ కూడా రాయండి. డీఎన్‌ఎస్ సర్వర్ బైండ్‌లో లిజన్-ఆన్, మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్‌లో ఐనెట్ ఇంటర్‌ఫేసెస్ మార్చాలి. పోస్ట్‌ఫిక్స్‌కి రీలోడ్ సరిపోదు, ఆపి మళ్లీ స్టార్ట్ చేయాల్సిందే.

4. హోస్ట్‌ని ఒకసారి రీబూట్ చేసి చూడండి. ఐపీ ఇంకా రాకముందే సర్వీస్ లేచిందంటే, ఆ అడ్రస్ ఇవ్వలేనంటూ పడిపోతుంది. సిస్టమ్‌డీలో ఆ సర్వీస్‌ని నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ తర్వాతే మొదలయ్యేలా పెడితే చాలావరకు సరిపోతుంది.

ప్రతిదీ రెండుచోట్లా నడపాలనేం లేదు. ఇలాంటి గెస్ట్‌కి గడియారం హోస్ట్‌దే, అందుకే టైమ్ సరిచేసే ఎన్‌టీపీ హోస్ట్‌లో ఉంటే చాలు. ఫైర్‌వాల్ రూల్స్ కూడా అక్కడే రాసుకోవడం మేలు.

పబ్లిక్ ఐపీ ఒక్కటే ఉంటే? వెబ్‌కి హోస్ట్‌లో రివర్స్ ప్రాక్సీ (రిక్వెస్టులు అందుకుని లోపలికి పంపే ప్రోగ్రామ్) పెట్టి, డొమైన్ పేరుని బట్టి గెస్ట్‌కి పంపొచ్చు. ఎస్‌ఎస్‌హెచ్‌లో పేరు చూసి పంపే వీలు లేదు, గెస్ట్‌కి 2222 లాంటి వేరే పోర్ట్ ఇవ్వండి. బయటి మెయిల్ వచ్చేది మాత్రం పోర్ట్ 25కే కాబట్టి, అది హోస్ట్‌కో గెస్ట్‌కో ఒకరికే.