అమెరికా వైద్యం నేర్చుకుందాం – 4వ పాఠం: అర్జెంట్ కేర్ తలుపు ఎప్పుడు తట్టాలి?

పోయిన పాఠంలో ఇన్సూరెన్స్ కార్డు బయటికి తీసి కోపే (వెళ్ళిన ప్రతిసారీ మనం కట్టే వాటా), డిడక్టిబుల్ (ఇన్సూరెన్సు కట్టడం మొదలుపెట్టే ముందు మనమే కట్టే మొత్తం) అనే రెండు మాటలకు అర్థం తెలుసుకున్నాం. ఆ కార్డు ఇప్పుడు మళ్ళీ చేతిలోకి తీసుకోండి. చాలా కార్డుల మీద పీసీపీ (ఫ్యామిలీ డాక్టరు), స్పెషలిస్ట్, అర్జెంట్ కేర్ (అపాయింట్‌మెంటు లేకుండా చిన్న జబ్బులకు వెళ్ళే క్లినిక్), ఈఆర్ (ఎమర్జెన్సీ రూమ్) అని వరసగా ఉండి, ఒక్కోదాని పక్కన కోపే ఎంతో రాసి ఉంటుంది. మీ కార్డు మీద లేకపోతే కంపెనీ యాప్‌లో దొరుకుతుంది. అర్జెంట్ కేర్ పక్కన ఉన్న అంకెను, ఈఆర్ పక్కన ఉన్న అంకెను పోల్చి చూడండి. ఆ తేడా ఎందుకో తెలిస్తే ఈ పాఠం సగం వచ్చినట్టే.

నాకు ఆ తేడా డబ్బు కట్టాక తెలిసింది. డాలస్ పక్కన ఫ్రిస్కోకి వచ్చిన కొత్తలో ఒక ఆదివారం సాయంత్రం మావాడు సైకిల్ మీంచి పడ్డాడు. గడ్డం కింద చీలి రక్తం కారుతోంది. ఇంటికి రెండు నిమిషాల దూరంలో, కిరాణా దుకాణాల వరసలోనే, ఎర్ర బోర్డుతో అద్దాల గది ఒకటి ఉంది. లోపల జనం లేరు. వెంటనే తీసుకున్నారు, నాలుగు కుట్లు వేశారు, పిల్లాడికి లాలీపాప్ కూడా ఇచ్చారు. అమెరికా వైద్యం ఎంత బాగుందో అనుకుంటూ ఇంటికి వచ్చాం. నెల తర్వాత నాలుగంకెల బిల్లు వచ్చింది. అదీ ఒకటి కాదు, స్థలానికి ఒకటి, డాక్టరుకు ఒకటి.

నేను బోర్డు సరిగ్గా చదవలేదు. దాని మీద ఉన్నది ‘ఎమర్జెన్సీ’, ‘అర్జెంట్ కేర్’ కాదు. టెక్సస్‌లో ఆసుపత్రికి ఆనుకుని ఉండకుండా, విడిగా షాపింగ్ సెంటర్లలో ఉండే ఈఆర్‌లు చాలా ఉన్నాయి. చూడటానికి చిన్న క్లినిక్‌లా ఉంటాయి, బిల్లు మాత్రం ఈఆర్ బిల్లే. మన తెలుగులో రెండు మాటలకీ ‘అత్యవసరం’ అనే అర్థం చెప్పుకుంటాం కదా, పప్పులో కాలేసేది అక్కడే. ఒక ఆనవాలు చెప్తాను. అర్జెంట్ కేర్‌లు సాధారణంగా పొద్దున ఎనిమిదికి తెరిచి రాత్రి ఎనిమిదికి మూస్తారు, శని ఆదివారాలు కూడా ఉంటాయి. తలుపు మీద 24 గంటలు అని ఉంటే అది ఈఆర్ అయ్యే అవకాశమే ఎక్కువ. లోపలికి అడుగు పెట్టగానే “ఇది అర్జెంట్ కేరా, ఈఆరా? బిల్లు ఎలా వేస్తారు?” అని అడిగేయండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

ఈఆర్‌కి అంత ఖర్చు ఎందుకంటే, అక్కడ రాత్రి రెండింటికి కూడా డాక్టరు, నర్సులు, స్కానింగ్ యంత్రాలు సిద్ధంగా ఉండాలి. మీరు కుట్ల కోసం వెళ్ళినా అలా సిద్ధంగా ఉన్నందుకు ‘ఫెసిలిటీ ఫీజు’ పడుతుంది. పైగా అక్కడ ముందు వచ్చినవాళ్ళను కాదు, ముందు ప్రాణం మీదికి వచ్చినవాళ్ళను చూస్తారు. దాన్నే ట్రయాజ్ అంటారు. గొంతు నొప్పి పిల్లాణ్ణి తీసుకుని పెద్దాసుపత్రి ఈఆర్‌లో కూర్చుంటే అర్ధరాత్రి దాటినా పిలుపు రాకపోవచ్చు. తప్పు వాళ్ళది కాదు, ఆ చోటు ఎంచుకున్న మనది.

మరి పీసీపీ, అంటే మన ఫ్యామిలీ డాక్టరు? ఆయన అపాయింట్‌మెంటు ఎల్లుండికో వచ్చే వారానికో దొరుకుతుంది. ఊళ్ళో అయితే జ్వరం రాగానే వీధి చివర క్లినిక్‌కి వెళ్ళి చీటీ రాయించుకునేవాళ్ళం. ఇక్కడ ఆ వీధి చివర క్లినిక్‌కి దగ్గరగా ఉండేది అర్జెంట్ కేరే. ముందు చెప్పకుండా వెళ్ళొచ్చు, ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే ఇంట్లోనే వంతు కోసం ఆగొచ్చు. స్ట్రెప్ (గొంతులో బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్), ఫ్లూ, కోవిడ్ పరీక్షలు అక్కడికక్కడే చేస్తారు. చాలా చోట్ల ఎక్స్‌రే ఉంటుంది. కుట్లు, బెణుకులు, చెవిపోటు, మూత్రంలో మంట, దద్దుర్లు, చిన్న కాలిన గాయాలు వాళ్ళు రోజూ చూసేవే. చూసేది డాక్టరే కానక్కర్లేదు, ఎక్కువగా నర్స్ ప్రాక్టీషనరో ఫిజీషియన్ అసిస్టెంటో ఉంటారు. మావాళ్ళు కొందరు “డాక్టరు లేకుండా ఏం వైద్యం?” అని మొహం చిట్లిస్తారు. నా మటుకు నాకు చెవిపోటుకు వాళ్ళు చాలు.

అక్కడికి అసలు వెళ్ళకూడనివి కంఠతా రావాలి. గుండెలో బరువు, ఊపిరాడకపోవడం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం, ఫిట్స్, ఆగని రక్తం, తలకు దెబ్బ తగిలాక స్పృహ తప్పడం లేదా వాంతులు ఆగకపోవడం. వీటికి నేరుగా అత్యవసర నంబరు 911కి ఫోను. మూడు నెలలు నిండని పసిబిడ్డకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వచ్చినా అర్జెంట్ కేర్ కాదు, వెంటనే పిల్లల డాక్టరుకు ఫోను చెయ్యాలి, ఆయన దొరక్కపోతే ఈఆర్‌కే. పెద్ద జబ్బును అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్తే వాళ్ళూ అంబులెన్సునే పిలుస్తారు. మధ్యలో అరగంట పోతుంది. పక్షవాతంలో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అందుకే ఆ అరగంట ఖరీదైనది.

మన ఇళ్ళలో ఒక మాట ఉంది: “గ్యాస్ నొప్పిలే, కాస్త సోడా తాగితే పోతుంది.” దానికి తోడు ఇక్కడ బిల్లు భయం. ఈఆర్‌కి వెళ్ళి నిజంగా గ్యాసే అని తేలితే ఇన్సూరెన్సు ఇవ్వదేమో అని కొందరు ఆగిపోతారు. చట్టం అలా లేదు. ఎమర్జెన్సీ అవునా కాదా అన్నది ఒక మామూలు మనిషికి ఆ లక్షణాలు చూసి ఏమనిపిస్తుందన్న దాన్నిబట్టి తేల్చాలి, చివరికి తేలిన జబ్బునుబట్టి కాదు. మీ ఉద్యోగం ద్వారా వచ్చే మామూలు హెల్త్ ప్లాన్లకు ఇది వర్తిస్తుంది. అమ్మానాన్నలకు తీసుకునే విజిటర్స్ ఇన్సూరెన్సు వేరే రకం, దాని కాగితాలు వాళ్ళు విమానం ఎక్కకముందే చదవాలి.

వాళ్ళ మాట వచ్చింది కాబట్టి మందుల సంగతి. అర్జెంట్ కేర్‌లో “ఏం మందులు వాడుతున్నారు?” అని అడిగితే అమ్మ “బీపీకి పొద్దున ఒక తెల్ల బిళ్ళ” అంటుంది. స్ట్రిప్పుల మీది భారతీయ బ్రాండు పేర్లు ఇక్కడివాళ్ళకు తెలియవు. కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, మిల్లీగ్రాములు రాసుకోండి. గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్, థైరోనార్మ్ అంటే లెవోథైరాక్సిన్, ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్. కొన్నిటికి అసలు పేరు కూడా మారుతుంది. మన పారాసిటమాల్ ఇక్కడ అసిటమినోఫెన్, మన సాల్బుటమాల్ ఇక్కడ ఆల్బుటెరాల్. డోలో 650 వేసుకుని, తగ్గలేదని గంటకే టైలెనాల్ వేసుకునే పెద్దవాళ్ళను చూశాను. రెండూ ఒకటే మందు, మోతాదు మించితే దెబ్బ తినేది కాలేయం.

ఇంగ్లీషు రాదని పెద్దవాళ్ళు భయపడితే తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలని అడగండి. ఫెడరల్ నిధులు తీసుకునే వైద్య సంస్థలు ఈ సాయం ఉచితంగా ఇవ్వాలి, చాలాసార్లు ఫోనులో కలుపుతారు. పిల్లాణ్ణి అమ్మమ్మో పక్కింటివాళ్ళో తీసుకెళ్ళే అవకాశం ఉంటే, వైద్యానికి ఒప్పుకుంటున్నట్టు మీ సంతకంతో ఒక ఉత్తరం ఇంట్లో ఉంచండి. అది లేకపోతే రిసెప్షన్‌లో మీకు ఫోను కలిసేదాకా కూర్చోబెడతారు.

ఇప్పుడు అభ్యాసం. జవాబు మీరు అనుకున్నాకే ముందుకు చదవండి.

శనివారం రాత్రి ఏడు. ఆరేళ్ళ పాపకు గొంతు నొప్పి, 101 జ్వరం, నీళ్ళు తాగుతోంది, మాట్లాడుతోంది. అర్జెంట్ కేర్. స్ట్రెప్ పరీక్ష చేసి అవసరమైతేనే యాంటీబయాటిక్ రాస్తారు. రాయకపోతే గొడవ పడకండి, వైరస్‌కు అది పని చేయదు.

భోజనం అయ్యాక నాన్నగారికి గుండెల్లో బరువు, చెమటలు. ఆయన గ్యాస్ అంటున్నారు. 911. మీరు కారు తీయొద్దు.

నాలుగేళ్ళ వాడి చేతిలో అమ్మమ్మ బీపీ మాత్రల డబ్బా, ఒకటో రెండో మింగినట్టున్నాడు, ఆడుకుంటూనే ఉన్నాడు. ఇది ఎక్కువమంది తప్పే ప్రశ్న. ఆడుకుంటున్నాడు కదా అని ఆగొద్దు. వెంటనే పాయిజన్ హెల్ప్ నంబరు 1-800-222-1222. రాత్రింబవళ్ళు ఉచితంగా పలుకుతారు, ఏం చెయ్యాలో వాళ్ళే చెప్తారు. పిల్లాడు మత్తుగా ఉంటే మాత్రం 911.

అమ్మ షుగరు మాత్రలు ఇంకో ఐదు రోజులకే ఉన్నాయి. తొందర లేదు, ముందు పీసీపీ అపాయింట్‌మెంటు కోసం చూడండి. దొరక్కపోతే కొన్ని అర్జెంట్ కేర్‌లు కొద్ది రోజులకు రాసిస్తాయి. బీపీ, షుగరు ఏళ్ళ తరబడి చూసే పని మాత్రం వాళ్ళది కాదు. వాళ్ళు చూసినప్పుడల్లా ఆ రిపోర్టు పీసీపీకి పంపమని అడగండి.

ఇంటిపని ఈసారి రెండే. ఇన్సూరెన్స్ యాప్‌లో ఇన్-నెట్‌వర్క్ (మన ఇన్సూరెన్సుతో ఒప్పందం ఉన్నవి) అని వెతికి, ఇంటికి దగ్గర్లోని రెండు అర్జెంట్ కేర్‌ల పేర్లు, మూసే వేళలు, ఎక్స్‌రే ఉందో లేదో ఫోను చేసి కనుక్కుని రాసుకోండి. రెండోది, ఇంట్లో అందరి మందుల జాబితా అసలు పేర్లతో ఒక కాగితం మీద. రెండూ ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.

5వ పాఠంలో, అర్జెంట్ కేర్‌కి వెళ్ళొచ్చిన మూడు వారాలకు పోస్టులో వచ్చే ‘ఇది బిల్లు కాదు’ అని రాసిన కాగితం చదవడం నేర్చుకుందాం. మీకు ఈలోగా అలాంటిది వస్తే పారేయకుండా దాచండి.