పుదీనా బకెట్‌లో, కొత్తిమీర మట్టిలో

మే నెలలో డాబా మీది పుదీనా కుండీకి రెండు పూటలా నీళ్లు పోసినా సాయంత్రానికి తలవాల్చేస్తుంది. మొక్క తాగేది కొంతే. మిగతాది పైమట్టి నుంచి ఆవిరైపోతుంది, అడుగు చిల్లులోంచి కారిపోతుంది. మట్టికుండీ అయితే గోడలు కూడా నీళ్లు తాగుతాయి. మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీళ్లలో మొక్కలు పెంచే హైడ్రోపోనిక్స్‌లో నీళ్లు మిగిలేది ఈ దారులు మూసేయడం వల్లే. మూత లేని టబ్బులో పెంచితే ఆ లాభం ఉండదు.

పుదీనాకి పంపు, కరెంటు అక్కర్లేని క్రాట్కీ పద్ధతి సరిపోతుంది. మూతున్న 10 లీటర్ల బకెట్ తీసుకుని (పెయింటు డబ్బా వద్దు) మూతకి 5 సెంటీమీటర్ల నెట్ పాట్లు (జల్లెడలా చిల్లులున్న చిన్న కుండీలు) పట్టేలా మూడు రంధ్రాలు చేయండి. బయట ముందు నల్లరంగు, దాని మీద తెల్లరంగు వేయండి. వెలుతురు దూరితే పాచి పడుతుంది, ఉత్త నలుపైతే నీళ్లు కాగిపోతాయి.

బజారు కట్టలోంచి ముదురు కాడలు ఏరి, కింది ఆకులు తుంచి, గ్లాసు నీళ్లలో నీడన పెట్టండి. వారం పది రోజుల్లో అంగుళం వేళ్లొస్తాయి. అప్పుడు నెట్ పాట్‌లోకి మార్చండి.

హైడ్రోపోనిక్స్ కోసం విడివిడిగా అమ్మే ఎ, బి పోషక ద్రావణాలను చిక్కగా ఉండగానే కలిపితే కాల్షియం తెల్లటి మడ్డిలా అడుగుకి దిగిపోతుంది, మొక్కకి అందదు. ముందు ఎ ని బకెట్ నీళ్లలో బాగా కలిపి, తర్వాతే బి పోయండి. ఇ.సి. (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు తెలిపే కొలత, mS/cm లో) 1.2–1.6, పి.హెచ్. (పులుపు-క్షార గుణం కొలత) 5.5–6.5 మధ్య ఉండాలి. చవకని 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) వేస్తే పని జరగదు: అందులో కాల్షియం ఉండదు, నత్రజనిలో చాలా భాగం యూరియాగా ఉంటుంది. బోరునీళ్లు మరీ ఉప్పగా ఉంటే వాన నీళ్లు కలపండి. ఆర్.ఓ. నీళ్లు పోసేవాళ్లు, ఆ యంత్రం బయటికి వదిలే నీళ్లను కూడా లెక్కలో వేసుకోవాలి!

మొదట నెట్ పాట్ అడుగు ఒక సెంటీమీటరు మునిగేలా నింపండి. నీళ్లు తగ్గేకొద్దీ పైకి తేలిన వేళ్లు గాలి పీల్చడానికి అలవాటు పడతాయి. మట్టం తగ్గిందని కంగారుపడి మళ్లీ అంచుదాకా పోస్తే అవి ఊపిరాడక గోధుమరంగుకి తిరిగి, జిగురుపట్టి కంపు కొడతాయి. ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే. సగానికి మించి నింపకండి.

కొత్తిమీరకి మాత్రం మట్టే మేలు. నెలన్నరలో కోసేసే పంటకి ఇంత సరంజామా దండగ. పైగా ఎండ ముదిరితే ఎక్కడ పెంచినా పూతకొచ్చేస్తుంది. ధనియాలను బద్దలయ్యేలా నలిపి, రాత్రంతా నానబెట్టి, అరంగుళం లోతున చల్లండి. మట్టి రెండు పాళ్లు, వర్మీ కంపోస్టు ఒకటి, కొబ్బరిపొట్టు ఒకటి. మొలకలొచ్చాక వరుసల మధ్య ఎండుగడ్డి పరిచి, పైన షేడ్ నెట్ కట్టండి. వేలు గుచ్చి చూసి, రెండో కణుపు దాకా పొడిగా ఉంటేనే నీళ్లు పోయండి.

బకెట్‌లో ద్రావణం మార్చాల్సి వచ్చినప్పుడు పాతదాన్ని పారబోయకుండా, సమానంగా మామూలు నీళ్లు కలిపి కరివేపాకు మొదట్లో పోసేయండి.