కొత్తగా చూసిన సినిమా గురించి నలుగురితో మాట్లాడే పద్ధతి

సినిమా చూసి హాలు బయటికి రాగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న "బొమ్మ ఎలా ఉంది?" అన్నదే. మనలో చాలామంది "ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ లాగింది" అని ఒక్క వాక్యంలో జవాబు ముగించేస్తారు. ఆ వాక్యం నిజమే కావచ్చు. కానీ దాన్ని ఏ సినిమా గురించైనా, ఆ సినిమా చూడనివారైనా చెప్పగలరు కాబట్టి విన్నవారికి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. సినిమా చూసినవారు మాత్రమే చెప్పగల మాట ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకుని, ఎదుటివారికి పనికొచ్చేలా చెప్పడం ఎలాగో వివరించడానికే ఈ వ్యాసం.

అటువంటి మాటకు ఎంత బలం ఉంటుందో 'శంకరాభరణం' చూపించింది. 1980లో కె. విశ్వనాథ్ దర్శకత్వంలో ఆ సినిమా వచ్చినప్పుడు అందులో పేరున్న కథానాయకుడు లేడు. ప్రధాన పాత్ర పోషించిన జె.వి. సోమయాజులు రంగస్థలం మీద పేరు తెచ్చుకున్న నటుడు, వృత్తిరీత్యా రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. మొదట్లో పలచగా ఉన్న హాళ్లు తరువాత నిండాయంటే, చూసినవారు ఇళ్లకు, ఆఫీసులకు వెళ్లి చెప్పిన మాటలే అందుకు కారణం. శాస్త్రీయ సంగీతంతో పరిచయం లేనివారిని ఆ సినిమాకు రప్పించడానికి 'బాగుంది' అన్న ఒక్క మాట సరిపోయి ఉండదని నా నమ్మకం.

మొట్టమొదట చేయవలసిన పని, ఇతరుల అభిప్రాయం చెవిన పడకముందే మీకు తోచినది రాసి పెట్టుకోవడం. పెద్ద సినిమాలకు అమెరికాలో ప్రీమియర్లు ముందుగా పడుతున్నాయి కాబట్టి, మనం ఇక్కడ హాలులో అడుగు పెట్టేసరికే రేటింగులు, టాక్, ఇంటర్వెల్ సన్నివేశం మీద వ్యాఖ్యలు అన్నీ ఫోనులోకి చేరి ఉంటాయి. అవి చదివి వెళ్లినవారు తెలియకుండానే సినిమాను వదిలిపెట్టి, ఆ టాక్ నిజమా కాదా అని తేల్చుకుంటూ కూర్చుంటారు. వీలైతే ఏమీ చదవకుండా వెళ్లండి. చదివి వెళ్లినా, ఇంటికి వచ్చి అయిదారు వాక్యాలు రాసేవరకు మళ్లీ వాటి జోలికి పోకండి. కథ రాసుకోనవసరం లేదు, అది ఎక్కడైనా దొరుకుతుంది. కళ్లు మూసుకోగానే ముందుగా గుర్తుకొచ్చే రెండు సన్నివేశాలు, మనసు తెర మీద నుంచి పక్కకు పోయిన చోటు, అర్థం కాకుండా మిగిలిపోయిన విషయం రాసుకుంటే చాలు. పేర్లు పడేటప్పుడు ఛాయాగ్రాహకుడు, ఎడిటరు, మాటల రచయిత ఎవరో కూడా గమనించండి, ఎందుకంటే మంచి జరిగినా చెడు జరిగినా హీరోకో దర్శకుడికో కట్టబెట్టే అలవాటు మన దగ్గర బలంగా ఉంది, దానివల్ల మిగిలినవారి పని గురించి మాట్లాడుకోవడమే ఉండటం లేదు.

ఇక మాట్లాడేటప్పుడు, 'అద్భుతంగా నటించారు', 'టేకింగ్ అదిరింది', 'ఎమోషన్ పండలేదు' వంటి మాటలు నోటికి వచ్చిన ప్రతిసారీ 'ఎక్కడ?' అని మనల్ని మనమే అడగాలి. అందరికీ తెలిసిన ఉదాహరణ తీసుకుందాం. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో సావిత్రి గొప్పగా నటించారని చెబితే ఎవరూ కాదనరు, అయితే ఆ మాట అక్కడితోనే ఆగిపోతుంది. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె కనిపించే భాగాన్ని గుర్తు చేసి, 'అహ నా పెళ్లియంట' పాటలో పి. సుశీల గొంతు నడుమ ఘంటసాల గొంతు పలికినప్పుడల్లా ఆమె భుజాలు, నడక, చూపు ఎలా మగవాడివైపోతాయో, మరుక్షణంలో మళ్లీ పెళ్లికూతురి సిగ్గులోకి ఎలా వస్తాయో చెప్పండి. అప్పుడు విన్నవారు ఆ పాటను వెతికి చూస్తారు. ఘటోత్కచుడిగా ఎస్.వి. రంగారావు చూపిన తీరును ఆమె ఎంతవరకు అందిపుచ్చుకున్నారని ఒకరు అడుగుతారు. పాట చిత్రీకరణలోనే ఆ గొప్పతనమంతా ఉందని మరొకరు వాదిస్తారు. ఒప్పుకోవడానికైనా కాదనడానికైనా ఇద్దరి ముందూ ఒకే సన్నివేశం ఉంటుంది కాబట్టి చర్చ ముందుకు సాగుతుంది.

తెర మీద కనిపించనిదాన్ని గమనించడం కూడా ఇందులో భాగమే. అదే సినిమాలో కథంతా పాండవుల కుటుంబం చుట్టూ తిరుగుతున్నా పాండవులు మాత్రం ఎక్కడా కనిపించరు. ఎన్నోసార్లు చూసినవారు కూడా ఈ సంగతి చెప్పగానే ఆశ్చర్యపోయి, వారు లేకుండానే కథను ఎలా నడిపించారో చూడటానికి మళ్లీ సినిమా పెట్టుకుంటారు. కొత్త సినిమాలలోనూ ఇలాంటివి దొరుకుతాయి. తల్లి పాత్ర ఉందికానీ ఆమెకు మాటలు లేవనో, ఊరి కథ అన్నారుకానీ ఆ ఊళ్లో ఎవరూ పనిచేస్తూ కనిపించలేదనో గమనించి చెప్పినవారి మాట చాలా రోజులు గుర్తుంటుంది.

నచ్చని సినిమా విషయంలో ఈ జాగ్రత్త రెండింతలు అవసరం. 'లాగ్' అన్న ఒక్క మాట వెనుక ఎన్నో వేర్వేరు లోపాలు దాగి ఉంటాయి. ప్రేక్షకుడికి అప్పటికే తెలిసిన సంగతిని మరొక పాత్ర వచ్చి మళ్లీ చెబుతుండవచ్చు, ఉద్వేగం పెరుగుతున్న సమయంలో పాట అడ్డుపడి ఉండవచ్చు, కథతో సంబంధం లేని కామెడీ ట్రాక్ నడుస్తుండవచ్చు, లేదా హీరో గెలుస్తాడని ముందే తెలిసిపోవడంతో తరువాతి అరగంటలో ఎదురుచూడటానికి ఏమీ మిగలకపోయి ఉండవచ్చు. నిదానంగా నడిచే సినిమా వేరు, ఇలా ఎక్కడో ఇరుక్కుపోయిన సినిమా వేరు. ఏ సన్నివేశం తీసేస్తే కథకు లోటు రాదని మీకు అనిపించిందో చెప్పగలిగితే, మీ విమర్శ ఆ సినిమాను ఇష్టపడినవారికి కూడా ఆలోచించదగినదిగా ఉంటుంది. మెచ్చుకునేటప్పుడూ ఇంతే. 1989 నాటి 'శివ'లో సైకిల్ చైన్ తెంపే సన్నివేశాన్ని ఇప్పటికీ అందరూ తలుచుకుంటారు, అయితే ఆ క్షణానికి ముందు కళాశాల వాతావరణాన్ని, అక్కడి భయాన్ని రామ్‌గోపాల్ వర్మ ఎలా కూడగట్టారో చెప్పినప్పుడే ఆ దెబ్బకు అంత బలం ఎందుకు వచ్చిందో తెలుస్తుంది.

వినేవారికి సినిమాలోని జీవితం ఎంత తెలుసో కూడా దృష్టిలో ఉంచుకోవాలి. 2023లో వేణు యెల్దండి తీసిన 'బలగం' తెలంగాణ పల్లెలో ఒక పెద్దాయన చావు చుట్టూ నడుస్తుంది. దినాల నాడు పెట్టిన ముద్దను పిట్ట ముట్టకపోవడంతో, ఇంట్లో ఏళ్ల తరబడి అణిగి ఉన్న పంతాలన్నీ బయటపడతాయి. ఆ సినిమాను ఊళ్లలో తెర కట్టి వేసుకుని, పల్లె పల్లెంతా కలిసి చూశారు. అక్కడివారికి ఆ ఆచారం గురించి ఎవరూ చెప్పనవసరం లేదు. నగరంలో పుట్టి పెరిగిన పిల్లలకో, విదేశాలలో ఉన్న బంధువులకో ఆ సినిమా గురించి చెప్పేటప్పుడు మాత్రం, పిట్ట ముద్ద తింటేనే పోయినవారి మనసు కుదుటపడిందని భావిస్తారని ముందుగా ఒక మాట చెప్పండి. ఆ ఒక్క మాట తెలిస్తే చాలు, అందరూ ఆకాశం వైపు చూస్తూ నిలబడే దృశ్యంలోని ఆరాటం వారికీ అందుతుంది.

సినిమాను ఎక్కడ, ఎలా చూశారో చెప్పడం తప్పనిసరి అని నా అభిప్రాయం. బెనిఫిట్ షోలో అభిమానుల కేకల మధ్య చూసినవారికి సగం సంభాషణలు వినిపించవు, కానీ వారికి కలిగిన ఉత్సాహం మాత్రం నిజమైనదే. అదే సినిమాను ఓటీటీలో, రెండు రాత్రుల్లో, మధ్యమధ్య ఫోన్లు మాట్లాడుతూ చూసినవారు చెప్పే నిదానం సినిమాదో, తాము చూసిన తీరుదో వారికే తెలియదు. ఏ భాషలో చూశారన్నదీ ముఖ్యమే. 2022లో విడుదలైన 'ఆర్ఆర్ఆర్'ను అమెరికాలో ఎంతోమంది నెట్‌ఫ్లిక్స్‌లో హిందీ రూపంలో చూశారు. అక్కడి తెలుగువారు తమ సహోద్యోగులతో ఆ సినిమా గురించి మాట్లాడేటప్పుడు, ఇద్దరూ విన్న మాటలు ఒకటి కావన్న సంగతి గుర్తుంచుకోవాలి. అందులోని కొమురం భీముడి యాసలోని మట్టివాసన గురించి చెబుతున్నప్పుడు, అది వారికి వినిపించనే లేదని గ్రహిస్తే మన మాట తీరే మారుతుంది. విడుదల తరువాత నిడివి తగ్గించడం, సన్నివేశాలు కలపడం కూడా మామూలైపోయింది కాబట్టి, మొదటి రోజు చూసినవారూ రెండో వారం చూసినవారూ అచ్చంగా ఒకే సినిమా చూసి ఉండకపోవచ్చు.

కథ ఎంతవరకు చెప్పవచ్చు అన్నది చాలామందిని ఇబ్బంది పెట్టే ప్రశ్న. ట్రైలరులో చూపినదాన్ని, మొదటి అరగంటలో తెలిసేదాన్ని చెప్పవచ్చని, అంతకు మించినది అడిగి చెప్పాలని ఒక హద్దు పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. 2018లో వెంకటేశ్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం'నే తీసుకోండి. విశాఖపట్నంలోని ఆ పేటవారే ఎక్కువ పాత్రలు వేశారని, నాలుగు వయసుల ప్రేమకథలు పక్కపక్కన నడుస్తాయని, 49 ఏళ్లు వచ్చినా పెళ్లికాని అటెండరు రాజు వాటిలో ఒకరని ఎంత వివరంగా చెప్పినా నష్టం లేదు. చివరి పావుగంట గురించి మాత్రం, చూడనివారి ముందు ఒక్క మాట కూడా అనకూడదు. 'ఆఖర్లో ట్విస్ట్ ఉంది, ఊహించలేరు' అనడం కూడా హానికరమే, ఎందుకంటే ఆ మాట విన్నవారు సినిమా మొత్తం ఆ ట్విస్ట్‌ను వెతుక్కుంటూ కూర్చుంటారు. హాలులో తీసిన హీరో ఎంట్రీ వీడియోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడమైతే అసలే వద్దు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం, హాలులో అనుమతి లేకుండా సినిమాను రికార్డు చేస్తే కనీసం 3 నెలల జైలు, 3 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు.

అభిప్రాయాలు కలవనప్పుడు ఏం చేయాలన్నది అన్నిటికంటే కష్టమైన విషయం. మన దగ్గర సినిమా గురించిన మాట క్షణంలో హీరో గురించిన మాటగా మారిపోతుంది, ఆ తరువాత స్నేహాలు కూడా దెబ్బతింటాయి. 'బాగోలేదు' అనడానికి బదులు 'నాకు ఫలానా చోట నమ్మకం కుదరలేదు' అని మొదలుపెడితే ఎదుటివారికి జవాబు చెప్పే దారి మిగులుతుంది. ఎదుటివారు పొగిడినప్పుడు 'అందులో ఏముంది?' అని తీసిపారేయకుండా, 'మీకు ఏ సన్నివేశం నచ్చింది?' అని అడగాలి. కొన్నిసార్లు వారి జవాబులో మనం గమనించని విషయం ఉంటుంది, కొన్నిసార్లు వారు ఇష్టపడేది సినిమాను కాదని, తమ యవ్వనంలో చూసిన నటుణ్ణి అని తెలుస్తుంది, అది కూడా గౌరవించదగిన కారణమే. వసూళ్ల లెక్కలను మాత్రం వాదనకు వాడవద్దు. ఎంతమంది టిక్కెట్టు కొన్నారో అవి చెబుతాయి, మీకు ఏమనిపించిందో చెప్పవు. నటీనటుల శరీరం, వయసు, సొంత జీవితం గురించిన మాటలు వచ్చిన వెంటనే పక్కన పెట్టాలి.

నలుగురు కూర్చుని ఒకే సినిమా గురించి మాట్లాడుకునే వీలుంటే, చూసిన వారం లోపలే కూర్చోవడం మంచిది, ఆలస్యమైతే సన్నివేశాలు మరుగున పడి టాక్ మాత్రమే గుర్తుంటుంది. ఎక్కువ మాట్లాడే అలవాటున్న వ్యక్తి చివరగా మాట్లాడాలన్న నియమం పెట్టుకోండి. ఇంట్లో అయితే మాట్లాడే అవకాశాన్ని ముందుగా అమ్మకో, అమ్మమ్మకో, పదిహేనేళ్ల పిల్లలకో ఇవ్వండి, ఎందుకంటే సాధారణంగా వారి అభిప్రాయం ఎవరూ అడగరు. వాదం తెగనప్పుడు, సినిమా ఓటీటీలోకి వచ్చాక ఆ ఒక్క సన్నివేశాన్ని అందరూ కలిసి మళ్లీ చూడండి. రెండోసారి చూశాక అభిప్రాయం మారితే, తొలి రోజు రాసుకున్న వాక్యాలను కొట్టేయకుండా వాటి కిందే కొత్త తేదీ వేసి, ఏ సన్నివేశం వల్ల మారిందో రాసి పెట్టుకోండి.