ఫోన్‌లో వీపీఎన్: కీ దగ్గర తొందరపడకండి

యాప్ ఏదీ వేసుకోకుండానే ఆండ్రాయిడ్‌లో వీపీఎన్ (ఫోన్ నుంచి ఆఫీసు సర్వర్‌కి నెట్ మీదుగా వేసుకునే రహస్య దారి) పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వీపీఎన్, పైన ప్లస్ గుర్తు. మెనూ పేర్లు ఫోన్‌ని బట్టి కాస్త మారతాయి, దొరక్కపోతే పైన సెర్చ్‌లో వీపీఎన్ అని కొట్టండి. ఐఫోన్‌లో అయితే జనరల్ కింద ఉంటుంది.

టైప్ దగ్గర, అంటే కనెక్ట్ అయ్యే పద్ధతి అడిగే చోట, ఐకేఈవీ2 (IKEv2) రకం ఎంచుకోండి. ఆండ్రాయిడ్ 12 నుంచి పీపీటీపీ, ఎల్2టీపీ అనే పాత రకాలు కొత్తగా పెట్టుకోనివ్వదు, పాత గైడ్లు చూసి వెతుక్కోకండి. తర్వాత సర్వర్ అడ్రస్, ఐడెంటిఫయర్ (మిమ్మల్ని గుర్తుపట్టే పేరు), ప్రీ-షేర్డ్ కీ (ముందే ఇచ్చే పాస్‌వర్డ్ లాంటిది), మీ ఆఫీసు వాళ్లు ఇచ్చినవి ఇచ్చినట్టే కొట్టండి.

నేను ఒక సాయంత్రమంతా తగలేసింది ఇక్కడే. మెసేజ్‌లోంచి కీ కాపీ చేస్తే చివర ఒక ఖాళీ కూడా అంటుకొచ్చింది. చుక్కలే కదా కనిపించేది, ఎలా తెలుస్తుంది? సర్వర్‌దే తప్పని తిట్టుకుంటూ కూర్చున్నా. అందుకే అతికించాక కర్సర్‌ని చివరికి జరిపి, ఒక్కసారి బ్యాక్‌స్పేస్ నొక్కి చూడండి. చుక్కలు ఉండాల్సినదానికంటే ఒకటి తగ్గితే మళ్లీ టైప్ చేయండి.

కనెక్ట్ అయితే పైన తాళంచెవి బొమ్మ వస్తుంది. నేను దాన్నొక్కదాన్నే నమ్మను: బ్రౌజర్‌లో నా ఐపీ (నెట్‌లో నా ఫోన్ కనిపించే నంబర్ అడ్రస్) ముందోసారి, తర్వాతోసారి చూస్తాను. ఆఫీసు ట్రాఫిక్ మాత్రమే వీపీఎన్‌లో పోయేలా పెట్టి ఉంటే అది మారదు, కంగారుపడకండి.

వీపీఎన్‌ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచే ‘ఆల్వేస్ ఆన్’ మంచిదే. ‘వీపీఎన్ లేకుండా కనెక్షన్లు ఆపు’ అని కూడా కనిపిస్తే అది మాత్రం ఆలోచించి నొక్కండి, సర్వర్ పడిపోతే నెట్ మొత్తం పోతుంది.