ఓజీ గడియారం: చీటీది ఒక మాట, చెక్కది మరో మాట

నాలుగేళ్ళ కిందట అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక ఇంటి సామాను అమ్మకానికి వెళ్ళి ఓజీ గడియారం కొన్నాను. ఇరవయ్యారు అంగుళాల ఎత్తు, పదిహేనున్నర వెడల్పు, ఎస్ అక్షరంలా వంపు తిరిగిన చట్రం, పైన్ చెక్క మీద అతికించిన మహాగని పొర. తలుపు పై భాగంలో డయలు, కింది అద్దంలో రంగుల బొమ్మ. లోపల వెనక పలకకు అంటించిన చీటీ మీద ‘చౌన్సీ జెరోమ్, న్యూ హేవెన్’ అని, అంటే తయారీదారు పేరూ ఊరూ, ఉంది. అన్నీ అసలువేనని అమ్మినాయన చెప్పాడు. నూట అరవై డాలర్లు ఇచ్చి తెచ్చుకున్నాను. డయలు విప్పిన పావుగంటకే నా తెలివితక్కువతనం బయటపడింది. అప్పటి నుంచి పాత షెల్ఫ్ గడియారం చేతికి వస్తే ఏ లక్షణం దేనికి గుర్తో ఈ విధంగా చూస్తున్నాను.

కీ రంధ్రాల అంచులు కొత్తగా మెరుస్తున్నాయి

కారణం: యంత్రం మారింది. ఇత్తడి యంత్రమున్న ఓజీలకు సాధారణంగా రంగు పూసిన జింకు రేకు డయలు ఉంటుంది. కీ రంధ్రాలు మొదటి యంత్రం ఇరుసులకు సరిగ్గా ఎదురుగా ఉంటాయి. నా డయలులో రెండు రంధ్రాలనూ పక్కకు సాగదీశారు. భూతద్దంతో చూస్తే ఆకురాయి గీతలు వరుసగా కనిపించాయి, రంగు ఊడిన చోట జింకు తెల్లగా మెరిసింది.

ఇక గడియారం నెత్తి మీద చూడాలి. ఈ కొలతల ఓజీ సాధారణంగా బరువులతో నడిచేది. యంత్రానికి చెరో పక్కన ఒక ఇనుప బరువు, దాని తాడు పైకి వెళ్ళి గిలక మీదుగా దిగుతుంది. ఆ గిలకల కోసం పై పలకలో రెండు గాళ్ళు ఉంటాయి. నా గడియారంలో గిలకలూ లేవు, బరువులూ లేవు. గాళ్ళ మీద సన్నని చెక్క ముక్క అంటించి, నల్ల రంగు పూశారు. లోపల స్ప్రింగు యంత్రాన్ని నాలుగు మరలతో వెనక పలకకు బిగించారు. ఒక మర తలపై కూడిక గుర్తులాంటి గాడి ఉంది. అలాంటి మరలు 1930లలో వచ్చాయి. మొనదేలిన మరలు కూడా 1840ల చివరికి గానీ వాడుకలోకి రాలేదు, అంతకు ముందువాటి కొన మొద్దుగా ఉండేది. అందుకే ప్రతి మరనూ విప్పి చూస్తాను. చిన్న ఓజీలలో కార్ఖానాలోనే స్ప్రింగు యంత్రం పెట్టినవి ఉన్నాయి కాబట్టి, స్ప్రింగు కనిపించగానే దోషమని తీర్మానించకూడదు. నెత్తి మీద గాళ్ళు ఉండి కూడా స్ప్రింగు ఉంటేనే అనుమానించాలి.

పరిష్కారం: అదే కాలపు, ఒకసారి కీ ఇస్తే ముప్పై గంటలు నడిచే బరువు యంత్రం, గిలకలు, మూడు నాలుగు పౌండ్ల బరువులు రెండు దొరికితే పెట్టవచ్చు. పాత విడిభాగాలు అమ్మేవారి దగ్గర ఇవి దొరుకుతాయి. బాగా లాగుతుందని ఎక్కువ బరువు తగిలిస్తే ఇరుసు రంధ్రాలు అరిగిపోతాయి. ఇంత చేసినా దాన్ని ‘అసలు’ అనకూడదు. తీసిన యంత్రాన్ని పారేయకుండా సంచిలో వేసి గడియారంతోనే ఉంచాలి.

చీటీ మీద ఒక పేరు, యంత్రం మీద మరో పేరు

నా యంత్రం ముందు పలక మీద వాటర్‌బరీ కంపెనీ ముద్ర ఉంది. ఆ కంపెనీ పుట్టింది 1857లో. జెరోమ్ 1845లో బ్రిస్టల్‌లో కార్ఖానా కాలిపోయాక న్యూ హేవెన్‌కు మారాడు, పదేళ్ళు తిరిగేసరికి, 1855-56 ప్రాంతంలో దివాలా తీశాడు. పెట్టె చేసినాయన దివాలా తీశాక పుట్టిన యంత్రం ఆ పెట్టెలో కూర్చుందన్నమాట. గడియారాలు సేకరించేవారు దీన్ని ‘పెళ్ళి’ అంటారు. మన భాషలో బోడిగుండుకూ మోకాలికీ ముడి.

అయితే పేర్లు కలవనంత మాత్రాన మోసమని అనలేం. కనెక్టికట్‌లో ఒకరు యంత్రాలు చేస్తే మరొకరు కొని తమ పెట్టెలో పెట్టి తమ చీటీ అంటించుకోవడం మామూలే. తేదీలు పొసిగి, వెనక పలకలో అదనపు రంధ్రాలు లేకపోతే ఆ జంట పుట్టుకతోనే ఉండి ఉండవచ్చు. ఖాళీ రంధ్రాలు, వాటిలో కుక్కిన పుల్లలు, పాత యంత్రం నీడలా మిగిల్చిన లేత చెక్క, ఇవి అబద్ధమాడవు.

చీటీని మాత్రం చివరగా నమ్మండి. సెత్ థామస్ అనే మరో తయారీదారు చీటీ మీద ‘ప్లిమత్ హాలో’ అని ఉంటే పాతది, ‘థామస్టన్’ అని ఉంటే అతను 1859లో పోయాక ఊరికి అతని పేరు పెట్టిన తర్వాతది. ఈ లెక్క మంచిదే, కానీ కొత్త కాగితం మీద ఎవరైనా ఏ ఊరి పేరైనా అచ్చు వేయగలరు. భూతద్దంలో రంగు చుక్కలు కనిపిస్తే అది నకలు. అచ్చు అక్షరాల ఒత్తిడికి కాగితం కాస్త లోపలికి దిగి ఉంటే పాత ముద్రణ.

కింది అద్దంలో బొమ్మ నవనవలాడుతోంది

అద్దం మార్చారు, లేదా బొమ్మ మళ్ళీ వేశారు. దీపాన్ని పక్క నుంచి పట్టుకుని చూస్తే పాత అద్దంలో అలలు కనిపిస్తాయి. రంగు పొలుసులుగా రాలిన పాత బొమ్మ ఉంటే, దయచేసి వెనక వైపు తడిగుడ్డ పెట్టకండి. ఒక్క తుడుపుతో బొమ్మ అంతా గుడ్డకు వస్తుంది. రాలిన బొమ్మకున్న విలువ కొత్త బొమ్మకు లేదు.

చెక్క అద్దంలా మెరుస్తోంది

కొత్త వార్నిష్. పెట్టె అడుగున కనపడని చోట స్పిరిట్‌లో ముంచిన దూదితో అద్దితే పాత లక్క పాలిష్ జిగటగా మారుతుంది, ప్లాస్టిక్ వార్నిష్ చలించదు. చలించకపోతే గీకకుండా వదిలేయండి. ఊడిన పైపొరను తోలుతో కాచే పాతకాలపు జిగురుతోనే అతికించాలి. తర్వాతివాళ్ళు విప్పాలంటే అదే వదులుతుంది.

ఏడయితే నాలుగు కొడుతోంది

ఇది మార్పూ కాదు, జబ్బూ కాదు. ఈ గడియారాల గంటలను లెక్క చక్రం వరుసగా కొట్టిస్తుంది, ముళ్ళతో దానికి పని లేదు. ఆ చక్రం గాడిలో వాలిన తీగను వేలితో మెల్లగా ఎత్తి వదిలితే తర్వాతి గంట కొడుతుంది. ముల్లుతో కలిసేదాకా అలా చేస్తే చాలు. దీనికి మరమ్మతు ఖర్చు రాసిన చీటీ ఒకసారి చూశాను, పాపం ఆ కొన్నాయన.

ఇంతకీ వెల ఎంత?

పాతదైతే చాలు లక్షలు వస్తాయనుకునేవారికి జెరోమ్ కథ చెబుతాను. 1842లో అతను ఇంగ్లండుకు గడియారాలు పంపితే, ధర మరీ తక్కువగా చూపాడని అక్కడి సుంకం అధికారులు రాసిన ధరకే, పైన పది శాతం కలిపి, సరుకంతా కొనేశారు. జెరోమ్‌కు అంతకన్నా కావలసిందేముంది! మళ్ళీ పంపాడు, మళ్ళీ కొన్నారు. మూడోసారికి తప్పు తెలిసి వదిలేశారు. అంత చౌకగా, అన్నేసి గడియారాలు చేశారు. అందుకే చెక్కుచెదరని మామూలు ఓజీ కూడా నేడు వంద డాలర్ల చుట్టుపక్కలే తిరుగుతుంది. కనెక్టికట్ తయారీదారు ఎలై టెర్రీ 1816 ప్రాంతంలో మొదలుపెట్టిన స్తంభాల గడియారం వంటిదైతే లెక్క వేరు. అందులో ఒక్క అద్దం మారినా ధర మీద దెబ్బ పడుతుంది.

యంత్రం పోయి బ్యాటరీ వచ్చి ఉంటే పెట్టె ధర మాత్రమే లెక్కించండి. యంత్రం అదే కాలానిదై మారి ఉంటే అలంకరణ వస్తువు ధర, అద్దం మాత్రమే మారితే కొంత తగ్గింపు. అడిగే ధరలు చూడకండి, వేలంలో నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. మన పాత ఇళ్ళ గోడల మీది ఆన్సోనియా అనే అమెరికా కంపెనీ గడియారాలకు కూడా ఖాళీ రంధ్రాల పరీక్ష పనికొస్తుంది.

నా ఓజీని వెనక్కి మార్చలేదు. మరమ్మతు కూలి గడియారం ధరను మించుతుంది. పైగా స్ప్రింగు యంత్రాన్ని శుభ్రం చేస్తుంటే వెనక పలక మీద సూదితో గీసిన అక్షరాలు కనిపించాయి. మరమ్మతు చేసినవాళ్ళు పాతరోజుల్లో అలా గీసేవారు. ‘1938, నవంబరు’ అని ఉంది, కింద సంతకం లాంటి ఒక వంకర.